రోగానికి దారి వేసేదెవరు?
చిత్తూరు సీమలో పశువుల జబ్బులు, 'పర్యావరణం' అనే మాట - ఒక విమర్శ

పశువుల నుంచీ ఇతర జంతువుల నుంచీ మనుషులకొచ్చే జబ్బుల మీద ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, దినపత్రికల్లో చాలా రాస్తున్నారు. ఆ రాతల్లో 'పర్యావరణ కారణాలు' అనే మాట తప్పకుండా కనిపిస్తుంది. వాన ఎంత పడింది, మట్టి ఎట్లాంటిది, పొదలు ఎంత పెరిగినాయి, ఎలుకలు ఎన్ని ఉన్నాయి, అడవి ఎంత దూరం - ఇవన్నీ ఆ మాట కిందికి వస్తాయి. వీటిల్లో ఏదీ అబద్ధం కాదు. వానకూ రోగానికీ సంబంధం ఉంది. మట్టికీ రోగానికీ ఉంది. మా అభ్యంతరం వేరేచోట ఉంది.

మట్టిలోని క్రిమి మట్టిలోనే ఉంటే మనిషికి రోగం రాదు. పొదలోని పురుగు పొదలోనే ఉంటే ఎవరికీ జ్వరం రాదు. మట్టికీ మనిషి ఒంటికీ మధ్య, పొదకీ మనిషి ఒంటికీ మధ్య ఒక పని ఉంటుంది. చచ్చిన గొర్రె తోలు ఒలిచే పని, కంప కొట్టే పని, కట్టెలు ఏరే పని, కలుపు తీసే పని. ఆ పని ఎవరు చెయ్యాలన్నది మన ఊళ్ళల్లో కులమూ భూమీ కలిసి ఎప్పుడో తేల్చిపెట్టినాయి. పర్యావరణం గురించి రాసేవాళ్ళు మధ్యలో ఉన్న ఈ పనిని వదిలేస్తే, ఆ ఖాళీలోకి ఇంకో మాట వచ్చి కూర్చుంటుంది. అది 'అలవాటు'. వాళ్ళ తిండి అలవాట్ల వల్ల, వాళ్ళ అపరిశుభ్రత వల్ల రోగం వచ్చిందనే తీర్పు అక్కడ తయారవుతుంది.

ఈ రెండు మాటలనూ తిరుపతి, చిత్తూరు ప్రాంతపు ఉదాహరణలు పెట్టుకుని పరిశీలించడం ఈ వ్యాసం పని. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోకముందు ఉన్న పాత చిత్తూరు జిల్లానే మేం ఇక్కడ చిత్తూరు సీమ అంటున్నాం.

ముసలిమడుగు చెప్పే సంగతి

2011 జూలై, ఆగస్టు నెలల్లో పలమనేరు దగ్గరి ముసలిమడుగులో చర్మపు ఆంథ్రాక్స్ వచ్చింది. మన పశువుల ఆసుపత్రుల్లో దీన్నే దొమ్మరోగం అంటారు. చచ్చిన గొర్రెలను కోసి, ఆ మాంసం ముట్టుకోవడం దగ్గర అది మనుషులకు సోకింది. ఆ విచారణ ఫలితాలు 2012లో ఒక వైద్య పత్రికలో అచ్చయినాయి. 2025లో ఏనుగులను అదుపుచేసే కుంకీల శిబిరం ఏర్పడినాక ఆ ఊరి పేరు రాష్ట్రమంతా తెలిసింది. 2011 సంగతి మాత్రం వైద్య పత్రిక చదివేవాళ్ళకే మిగిలింది.

దొమ్మరోగం ఎట్లా పనిచేస్తుందో తెలిస్తే పర్యావరణం అనే మాట ఎంతవరకు నిజమో తెలుస్తుంది. ఈ రోగం క్రిమికి రెండు రూపాలున్నాయి. జంతువు రక్తంలో అది పెరిగి పిల్లలు పెట్టే క్రిమి. గాలి తగిలితే గట్టి గింజలాంటి రూపం తీసుకుంటుంది. దాన్ని స్పోరు అంటారు. స్పోరు ఎండకు చావదు, వానకు చావదు, సున్నపు పాలు ఎక్కువుండే క్షారపు నేలల్లో దశాబ్దాల తరబడి పడుంటుంది. కరువుకాలంలో గడ్డి మాడిపోయినప్పుడు గొర్రె నేలకు కరుచుకున్న మోళ్ళను మట్టితో సహా కొరుకుతుంది. వాన పడితే నీళ్ళతో కొట్టుకొచ్చిన స్పోర్లు పల్లపు చోట చేరుతాయి, అక్కడే కొత్త గడ్డి మొలుస్తుంది. అందుకే ఎండా, ఆ వెంటనే వానా అనే వరస ఈ రోగానికి అనుకూలం. వర్షం నమ్ముకోలేని రాయలసీమ మెట్ట నేలల్లో గొర్రెల మీద బతికేవాళ్ళకు ఈ వరస కొత్త కాదు.

ఇంతవరకు వానా మట్టీ చెప్పే కథ. ఇక్కడినుంచి మనిషి చేసే పని మొదలవుతుంది. ఈ రోగంతో చచ్చిన జీవాన్ని కోయకుండా పూడ్చిపెడితే లోపలున్న క్రిమి ఆ కుళ్ళులోనే చాలావరకు చచ్చిపోతుంది. కోస్తే రక్తం నేలమీద పడుతుంది, గాలి తగులుతుంది, స్పోర్లు తయారవుతాయి. కోసిన మనిషి చేతిమీది గీతలోంచి లోపలికి పోతాయి. నొప్పి లేని పుండు లేచి, మధ్యలో బొగ్గులాగా నల్లబడుతుంది. మందు లేకపోతే ఇట్లా చర్మానికి సోకినవాళ్ళల్లో నూటికి ఇరవైమంది దాకా చనిపోవచ్చు. పెన్సిలిన్ లాంటి మామూలు మందులు వేళకు పడితే చావు చాలా అరుదు.

ఇందులో మనం ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. వచ్చే ఏడాది ఆ బీట్లో గొర్రెకు రోగం వస్తే, రికార్డులో దాన్ని 'మట్టిలోని స్పోర్లు' అని, అంటే పర్యావరణ కారణం అని రాస్తారు. ఆ స్పోర్లు మట్టిలోకి వచ్చింది పోయిన ఏడాది పూడ్చకుండా కోసిన కళేబరం నుంచి. అంటే పర్యావరణం అని మనం పిలుస్తున్నదాన్ని నిన్నటి పనే తయారుచేసింది. టీకా వేయని శాఖ, గుంత తవ్వించని పంచాయితీ, నష్టపరిహారం ఇయ్యని ప్రభుత్వం, ఇవన్నీ ఆ మట్టిలో కలిసి ఉన్నాయి. దాన్ని ప్రకృతి ఖాతాలో రాస్తే వీళ్ళెవరూ కనపడరు.

చచ్చిన గొర్రెను కోసేదెందుకు?

'చచ్చిన జీవాన్ని కోయొద్దు, తినొద్దు' అని పశువైద్యులూ ఆరోగ్య శాఖా చెప్తారు. ఆ సలహా సరైనదే. దాన్ని మేం తప్పుపట్టడం లేదు. అయితే ఆ సలహా వినే మనిషి ఏ లెక్క వేసుకుంటున్నాడో సలహా ఇచ్చేవాళ్ళు అడగరు.

పది పదిహేను గొర్రెలున్న కుటుంబానికి ఆ గొర్రెలే బ్యాంకు. కూతురి పెళ్ళికీ, ఆసుపత్రి ఖర్చుకూ, బోరు అప్పుకూ అవే ఆధారం. ఒక గొర్రె చచ్చిపోతే నష్టం మొత్తం ఆ ఇంటిదే. దాన్ని కోసి పాళ్ళు వేసి అమ్ముకుంటే ఎంతో కొంత తిరిగొస్తుంది. తక్కువ ధరకు ఆ పాలు కొనేది ఎవరు? సంతలో కిలో మాంసం కొనలేనోళ్ళు. గొర్రె యజమాని నష్టం చవక మాంసంగా మారి, కూలి చేసుకునేవాళ్ళ ఇంటికి చేరుతుంది. నష్టంతోపాటు రోగం కూడా చేరుతుంది. ఇది తిండి అలవాటు కాదు, నష్టాన్ని కిందికి దించే ఏర్పాటు. గొర్రె చచ్చిందని చెప్పిన రోజే పరిహారం చేతికొస్తుందంటే, కోయకుండా కబురు చేసేవాళ్ళు పెరుగుతారు. చెప్పినందుకు గొర్రే పోయి, మాంసమూ పోయి, మిగిలిన మందను కూడా అమ్ముకోలేని పరిస్థితి వస్తుందంటే ఎవరూ నోరు విప్పరు.

పశువుల అంటువ్యాధుల నివారణకు 2009లో పార్లమెంటు చేసిన చట్టం ఉంది. ఆంథ్రాక్స్ అందులో పేర్కొన్న జబ్బుల్లో ఒకటి. జబ్బు అనుమానం వస్తే యజమాని తెలియజేయాలనీ, కళేబరాన్ని చట్టప్రకారం వదిలించుకోవాలనీ అది చెప్తుంది. కాగితం మీద బాధ్యత యజమానిది. ఊళ్ళో మాత్రం చచ్చిన గొడ్డును ఈడ్చేదీ, ఆరడుగుల గుంత తవ్వేదీ, సున్నం చల్లేదీ ఎవరో మనందరికీ తెలుసు. అరుంధతివాడకు కబురు పోతుంది. చేతి తొడుగులు లేవు, కూలి రేటు లేదు, ఏ జబ్బుతో చచ్చిందో చెప్పే నాథుడు లేడు. చట్టంలోని 'యజమాని'కీ గుంతలో దిగిన మనిషికీ మధ్య ఉన్నది కులం. అంటువ్యాధి నివేదికల్లో తోలు ఒలిచినవాళ్ళు ఎందరు, కోసినవాళ్ళు ఎందరు, వండినవాళ్ళు ఎందరు అని లెక్క ఉంటుంది. ఆ లెక్క చాలా అవసరం, దానివల్లే ఏ పనిలో ప్రమాదమో తెలుస్తుంది. ఆ పని ఫలానా వాళ్ళకే ఎందుకొచ్చింది అనే ప్రశ్న దగ్గర నివేదిక ఆగిపోతుంది. ముసలిమడుగులో జబ్బుపడినవాళ్ళ కులం గురించి మేం ఇక్కడ ఏమీ అనడం లేదు. మా ప్రశ్న ఈ రకం రాతలన్నిటి గురించీ.

ఇంకొక సంగతి. 1876లో జర్మనీలో రాబర్ట్ కాక్ ఈ క్రిమి జీవితచక్రాన్ని తేల్చినాడు. 1881లో ఫ్రాన్సులో పాశ్చర్ గొర్రెల మీదే టీకా పనితీరును జనం ముందు చూపించినాడు. ముసలిమడుగుకు 130 ఏళ్ళ ముందు మాట అది. చిత్తూరు దాటి తమిళనాడులో అడుగుపెడితే రాణిపేట వస్తుంది. అక్కడ 1932లో మొదలైన పశు టీకాల సంస్థ ఆంథ్రాక్స్ టీకా కూడా తయారుచేస్తుంది. అదే రాణిపేటలో తోళ్ళ ఫ్యాక్టరీలున్నాయి. మన సీమ నుంచి తోలు అటు పోయినంత సులభంగా టీకా ఇటు వచ్చిందా అని అడగడం పరిశోధన కిందికే వస్తుంది.

నింద వేయడానికి ఉన్న చరిత్ర

రోగానికి అంటరాని కులాలను బాధ్యులను చేయడం ఈనాటిది కాదు. 19వ శతాబ్దం రెండో సగంలో ఉత్తర భారతంలో పశువులు మందలు మందలుగా చచ్చినప్పుడు, తోలు కోసం చమార్లు విషం పెడుతున్నారని బ్రిటిష్ అధికారులు పెద్దఎత్తున ఆరోపణలు చేసినారు. పోలీసులు దీన్ని ఒక కులం నేరంగానే రాసుకున్నారు. చరిత్రకారుడు సౌరభ్ మిశ్రా 2011లో రాసిన వ్యాసంలో, చమార్ల గుర్తింపును ఈ విషపు ఆరోపణ ఎట్లా మలిచిందో చూపించినాడు. యూరప్‌లో పశువుల రోగాలకు క్రిములను కనుక్కుంటున్న కాలమే అది. అక్కడ సూక్ష్మదర్శినిలో క్రిమి కనపడుతుంటే ఇక్కడ అధికారుల కంటికి కులం కనపడింది.

అదే కాలంలో ఇంగ్లండులో ఏం జరిగిందో పోల్చి చూడాలి. బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల్లో ఆసియా, దక్షిణ అమెరికా దేశాల నుంచి వచ్చిన ఊలు, బొచ్చు ఏరే కార్మికులకు ఊపిరితిత్తుల ఆంథ్రాక్స్ వచ్చి చచ్చిపోయేవాళ్ళు. ఆ జబ్బుకు 'ఊలు ఏరేవాళ్ళ జబ్బు' అని పేరే పడింది. చాలామంది పోయినాక, చాలా ఏళ్ళ తర్జనభర్జన తర్వాత 1919లో ఆంథ్రాక్స్ నివారణకు ప్రత్యేక చట్టం వచ్చింది. 1921లో లివర్‌పూల్ రేవులో ప్రభుత్వమే ఒక కేంద్రం పెట్టి, ప్రమాదకరమైన ఊలును మిల్లుకు పోకముందే మందునీళ్ళతో శుద్ధిచేసింది. కార్మికుడి అలవాటు మార్చమని ఊరుకోలేదు, కార్మికుడి చేతికొచ్చే సరుకును శుభ్రం చేసింది. అక్కడ దాన్ని వృత్తి జబ్బు అన్నారు. వృత్తి జబ్బు అంటే యజమానికీ ప్రభుత్వానికీ బాధ్యత ఉంటుంది. ఇక్కడ అదే క్రిమి, అదే తోలు, అదే పుండు. పేరు మాత్రం చచ్చిన మాంసం తినేవాళ్ళ జబ్బు అని పడింది. పేరు మారితే బాధ్యత మారుతుంది. అందుకే పేర్ల మీద ఇంత చర్చ చేస్తున్నాం.

పందులూ మడికయ్యలూ

ఇదే తర్కం మెదడువాపు దగ్గర ఇంకో రూపంలో కనపడుతుంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1955లో, చిత్తూరు పక్కనున్న వేలూరులో. 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో అది అనంతపురం జిల్లాలో పిల్లల మీద పడింది. ఈ జబ్బు వైరస్ కొంగజాతి పక్షుల్లో, పందుల్లో పెరుగుతుంది. దోమ దాన్ని మనిషికి ఎక్కిస్తుంది. ఆ దోమ ఎక్కువగా గుడ్లు పెట్టేది నీళ్ళు నిలిచిన వరి మడికయ్యల్లో.

అంటే ఈ జబ్బుకు పంది కావాలి, కొంగ కావాలి, మడి కావాలి. మెదడువాపు వార్త రాగానే మున్సిపాలిటీకి గుర్తొచ్చేది పంది ఒక్కటే. పందుల్ని తరమాలి, పట్టాలి, కాల్చాలి అంటారు. పందిని పెంచేది ఎరుకలవాళ్ళూ, ఊరి చివర ఉండే ఇతర పేద కులాలూ. 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో నేరస్త తెగల చట్టం కింద పోలీసు రిజిస్టర్లకెక్కిన కులం ఎరుకల. ఆ కులం జీవనాధారం మీదికి ఈసారి ఆరోగ్యం పేరుతో పోతారు. చెరువు కింది ఆయకట్టు ఎవరిదో వాళ్ళ దగ్గరికి ఎవరూ పోరు. మడిలో ఎప్పుడూ నీళ్ళు నిలపకుండా మధ్యమధ్య ఆరబెడితే ఈ రకం దోమ తగ్గుతుందని చాలా కాలంగా తెలుసు. దోమల్ని తగ్గించడానికి ఆయకట్టు రైతుకు నోటీసు ఇచ్చిన మున్సిపాలిటీ ఎక్కడైనా ఉందా?

పందివల్ల ప్రమాదం లేదని మేం అనడం లేదు. ఇంటి పక్కనే పందుల దొడ్డి ఉంటే మొదటి ప్రమాదం పెంచేవాళ్ళ పిల్లలకే. అందుకే వాళ్ళ తరపున అడగాల్సింది ఇంకా గట్టిగా అడగాలి. దొడ్లను ఇళ్ళకు దూరంగా పెట్టమంటే ఆ జాగా ఎవరిస్తారు? నీళ్ళెవరిస్తారు? 2006 నుంచి దేశంలో పిల్లలకు ఈ జబ్బు టీకా వేస్తున్నారు. పందులు పెంచే ప్రతి పేటలో ప్రతి బిడ్డకూ అది అందిందా లేదా అని చూడటం పందుల్ని కాల్చడం కంటే ముందు జరగాల్సిన పని.

తిరుపతి కొండ కింది జ్వరం

ఇక స్క్రబ్ టైఫస్. ఈ జ్వరం తిరుపతి వైద్యులకు బాగా తెలిసినది. ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంతంలో వచ్చిన ఈ జ్వరపు క్రిమి రకాలను తిరుపతి పరిశోధకులు జన్యు పద్ధతిలో పరీక్షించి 2016లో ప్రచురించినారు. 2025 చివర్లో రాష్ట్రంలో ఈ జ్వరం వార్తల్లోకెక్కినప్పుడు కూడా చిత్తూరు పేరు ముందువరసలో వినపడింది.

దీన్ని మోసేది మైట్ అనే పురుగు పిల్ల. కంటికి ఆనీ ఆననంత చిన్నది. పొదల్లో, గడ్డిలో ఉంటూ ఎలుకల్ని పట్టి బతుకుతుంది, దారిలో మనిషి తగిలితే మనిషినీ కరుస్తుంది. క్రిమి తల్లి పురుగు నుంచి పిల్ల పురుగుకు వస్తుంది కాబట్టి ఒకసారి ఒక చోట చేరితే ఆ పొద ఏళ్ళ తరబడి ప్రమాదకరంగానే ఉంటుంది. కరిచిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. మన ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. పొదలు చిక్కబడేది అప్పుడు, జ్వరాలు పెరిగేదీ అప్పుడు, ఆ వెనకొచ్చే చలికాలంలోనూ. పరిశోధనా పత్రాలు ఈ రుతువు సంబంధాన్ని చక్కగా వివరిస్తాయి.

అదే నెలల్లో పొలాల్లో ఏం జరుగుతుందో కూడా అందులో కలిపి చదవాలి. వానాధారపు శనక్కాయ పెరికేది అక్టోబరు, నవంబరుల్లో. ఆ పని చేసేది ఎక్కువగా కూలికి పోయే ఆడవాళ్ళు. వంగి పెరుకుతారు, కుప్ప దగ్గర నేలమీద కూర్చుని కాయలు తుంచుతారు. శేషాచలం కొండల వారన, కౌండిన్య అడవి వారన ఉన్న పల్లెల్లో కట్టెలకు పోయేదీ, మేకల్ని తోలుకుపోయేదీ పేదవాళ్ళే. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైన తొలి విడత జిల్లాల్లో చిత్తూరు ఒకటి. ఆ పనుల్లో కంప కొట్టి బీడు బాగుచేసిన చేతులు ఎవరివో మస్టర్లలోనే ఉంది. పొదల పక్కన ఇల్లు, కట్టెలు ఏరడం, నేలమీద కూర్చుని పనిచేయడం ఈ జ్వరానికి దారితీస్తాయని వైద్యులే చెప్తున్నారు. వాడను ఊరికి దూరంగా, వంక గట్టునో గుట్ట కిందో పెట్టింది మైట్ పురుగు కాదు గదా!

ఈ జబ్బుకు మందు డాక్సీసైక్లిన్. చవకైన మాత్ర. త్వరగా వేస్తే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. చవక మాత్రతో పోయే జ్వరం చావు దాకా ఎందుకు పోతున్నట్టు? కూలి పోతుందని నాలుగు రోజులు ఓర్చుకుంటారు. తర్వాత ఊళ్ళో సూది వేయించుకుంటారు. టైఫాయిడ్ అని ఒకరు, డెంగీ అని ఒకరు పరీక్షలు రాస్తారు. నల్ల పక్కు చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ము కిందో ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. మగ డాక్టరు ముందు బట్ట పక్కకు తీయలేని ఆడమనిషి దగ్గర ఆ గుర్తు దాగిపోతుంది. 'పోయిన రెండు వారాల్లో ఏం పనికి పోయినావమ్మా?' అని జ్వరమొచ్చిన ప్రతి మనిషినీ అడిగితే, పక్కు కనపడకపోయినా సగం దారి తెలుస్తుంది. పనిని అడగడం సామాజిక ఉద్యమం మాత్రమే కాదు, అది మంచి వైద్యం కూడా.

మనవైపు చూసుకుంటే

ఇంతవరకు చేసిన విమర్శ బయటివాళ్ళ మీద. దళిత ఆలోచనలో కూడా ఈ విషయం సరిగ్గా చర్చకు రాలేదని మేం అనుకుంటున్నాం.

మన దగ్గర రెండు ధోరణులున్నాయి. 1927 మార్చిలో మహద్ సభలో అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమని పిలుపునిచ్చినాడు. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' గ్రంథంలో అంటరానితనం పుట్టుకను గొడ్డుమాంసంతో ముడిపెట్టి చర్చించినాడు. ఇది ఆత్మగౌరవపు దారి. రెండోది, తోలు పనిలో ఉన్న జ్ఞానాన్ని, ఉత్పత్తి కులాల శ్రమను ఎత్తిపట్టే దారి. కంచ ఐలయ్య 1996లో వచ్చిన 'వై అయామ్ నాట్ ఎ హిందూ'లోనూ, 2007లో పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్'లోనూ ఈ వాదం ఉంది. 1994లో మొదలైన మాదిగ దండోరా డప్పును తలెత్తుకునే గుర్తుగా మార్చింది. 1997లో నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' కథలు రాయలసీమ మాదిగ బతుకును ఆ భాషలోనే నిలబెట్టినాయి.

ఈ రెండు ధోరణులూ మనకు కావాలి. ఒకటి మానమంటుంది, ఇంకొకటి గర్వపడమంటుంది. రెండింటి మధ్యా ఆ తోలు ముట్టుకుంటున్న మనిషి ఆరోగ్యం జారిపోయింది. మానెయ్యమన్న పిలుపు అందుకోవాలంటే వేరే బతుకుదెరువు ఉండాలి. భూమిలేని కుటుంబానికి అది పిలుపుతోనే రాదు. తోలు పని శాస్త్రమే అన్న వాదం నిజం. తంగేడు చెక్కతో తోలు పదును చేయడం తరతరాల రసాయన జ్ఞానం. అయినా ఆ జ్ఞానం దొమ్మరోగపు స్పోరును ఆపలేదు. డప్పు కట్టే తోలు రోగంతో చచ్చిన జీవానిదైతే ఏమవుతుందో మనం అడగాలి. 2006లో న్యూయార్క్‌లో, 2008లో లండన్‌లో జంతువుల తోళ్ళతో డోళ్ళు తయారుచేసే కళాకారులకు ఊపిరి ద్వారా ఆంథ్రాక్స్ సోకింది. లండన్ కళాకారుడు చనిపోయినాడు. డప్పు మానమని దీని అర్థం కాదు. టీకా వేసిన, ఆరోగ్యంగా ఉండి కోసిన జీవం తోలు డప్పుకు రావాలి అని అడగడం డప్పును కాపాడుకోవడమే.

అగ్రకులం వేసిన అలవాటు అనే నిందకు జవాబుగా 'మా తిండి మా ఇష్టం' అని మనం ఊరుకుంటే సరిపోదు. తిండి హక్కు ఉంది. రోగం లేని మాంసం తినే హక్కు కూడా అందులో భాగమే. పెద్దకులాల ఇళ్ళకు చేరే మాంసం పరీక్షించిన కబేళా నుంచి రావాలనీ, వాడకు ఏది చేరినా పర్వాలేదనీ అనుకోవడం అంటరానితనమే.

మూడు వలయాల బయట

ఇప్పుడు కొత్తగా 'వన్ హెల్త్' అనే మాట వచ్చింది. మనుషుల ఆరోగ్యం, జంతువుల ఆరోగ్యం, పర్యావరణ ఆరోగ్యం మూడూ ఒకటే అని దాని సారాంశం. 2021లో అంతర్జాతీయ నిపుణుల బృందం దీనికి నిర్వచనం ఇచ్చింది. దాని సూత్రాల్లో సమానత అనే మాట కూడా ఉంది. ఆలోచన మంచిదే. తిరుపతిలో దానికి కావలసిన సరంజామా ఉంది. 1955 నాటి పశువైద్య కళాశాల ఉంది, 2005 నుంచి పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, రుయా ఆసుపత్రి ఉంది, 1993లో మొదలైన స్విమ్స్ ఉంది. గొర్రె డాక్టరూ మనిషి డాక్టరూ ఒకే ఊళ్ళో ఉన్నారు.

ఈ చర్చల్లో గీసే బొమ్మలో మూడు వలయాలుంటాయి. మనిషి, జంతువు, పర్యావరణం. 'మనిషి' అనే వలయం లోపల ఊరూ వాడా అని గీత ఉండదు. ఆ గీత లేకపోతే గొర్రె యజమానీ, గుంత తవ్వినవాడూ, పాలు కొన్నవాడూ ఒకటే మనిషి అవుతారు. సర్వే పట్టికల్లో 'వ్యవసాయ కూలీ', 'గృహిణి' అని రాస్తారు. శనక్కాయ పెరకడానికి పోయి కట్టెల మోపు ఎత్తుకొచ్చిన ఆడమనిషి ఆ పట్టికలో గృహిణి అయిపోతుంది. ఆమె జ్వరానికి కారణం వాన అని తేలుతుంది.

అందుకే ఈ విషయం మీద పనిచేయబోయే విద్యార్థులకూ, టీచర్లకూ, కార్యకర్తలకూ మా విజ్ఞప్తి ఒకటే. వాన లెక్క, మట్టి లెక్క, ఎలుకల లెక్క తీసుకోండి, అవి లేకుండా రోగం అర్థం కాదు. వాటి పక్కనే పని లెక్క కూడా రాయండి. మీ మండలంలో గొర్రెలకు దొమ్మరోగం టీకా చివరిసారి ఎప్పుడు వేసినారో పశువుల ఆసుపత్రి రిజిస్టరు అడగండి. చచ్చిన గొడ్డును పూడ్చిన మనిషికి పంచాయితీ ఎంత కూలి ఇచ్చింది, తొడుగులు ఇచ్చిందా అని అడగండి. గొర్రె చచ్చిందని కబురు చేసినవాళ్ళకు పరిహారం ఎన్ని రోజులకు అందిందో రాసుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అక్టోబరు నాటికి డాక్సీసైక్లిన్ మాత్రలు ఉన్నాయా, ఆడవాళ్ళను పరీక్షించడానికి ఆడమనిషి ఉందా అని చూడండి. ఈ ప్రశ్నలకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు, గ్రామసభలో లేచి అడగవచ్చు. జవాబులు వచ్చినా రాకపోయినా వాటిని రాసి ఉంచాలి. మళ్ళీ ఇంకో ఊళ్ళో నల్ల పుండు లేచినప్పుడు, అది వాళ్ళ అలవాటు అని ఎవరైనా రాయబోతే, ఆ కాగితాలు వాళ్ళ ముందు పెట్టడానికి మన దగ్గర ఉండాలి.